ఊట పక్కన చెక్కల గూడు

నాకు చెక్క కనబడితే తట్టి చూసే రోగం ఉంది. పెళ్ళికి పోయినా పరామర్శకు పోయినా, ముందు ఆ ఇంటి ద్వారబంధాన్ని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి ఒగ్గుతాను. ఒకసారి మా వియ్యంకుల ఇంట్లో కొత్త మంచాన్ని తట్టి "లోపల గుల్లగా ఉందే" అన్నానని నా భార్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా రైలు వంతెనల మరమ్మతుల్లో ఉన్నవాడికి ఆ మాత్రం తిక్క ఉంటుందిలే అని ఇంట్లో సర్దుకుపోయారు. కానీ ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ఒక ఎండాకాలంలో, గుత్తి కోట దూరంగా కనబడే, వానలకు మాత్రమే పారే ఒక ఇసుక వంకలో, పది పన్నెండు రోజుల్లో అంటుకుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణకు పంపినప్పుడు, అక్కడి లైబ్రరీలో అట్ట ఊడిన పాత బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. రైళ్ళు కొత్తగా పుట్టిన రోజుల్లో కట్టిన చెక్క వంతెనల పుస్తకం. మిగతా వాళ్ళు సాయంత్రం సినిమాలకు పోతుంటే నేను అది ముందేసుకుని కూర్చునేవాణ్ణి. అడవి పక్కనే ఉంది, ఇనుము దూరం, రాయి చెక్కే తీరిక లేదు, రైలు మాత్రం లోయ దాటాలి. అందుకని చెట్లు కొట్టి దుంగలు నిలబెట్టారు. ఒక్కో వరసకు నాలుగైదు దుంగలు. నడిమివి నిటారుగా, అంచువి కాళ్ళు ఎడంగా పెట్టుకుని బరువెత్తే మనిషిలాగా బయటికి వాలి ఉంటాయి. కింద ఒక అడ్డదూలం, పైన ఒక అడ్డదూలం, రైలు ఊపుకు పక్కకు ఒరగకుండా ఆ మూల నుంచి ఈ మూలకు కత్తెరలా రెండు పట్టీలు. ఇలాంటి వరసలు పది పదిహేను అడుగులకొకటి నిలిపి, వాటి మీద పొడుగు దూలాలు పరిచి, పట్టాలు వేసేవాళ్ళు. అంతే. చూస్తే అగ్గిపుల్లలతో కట్టినట్టుంటుంది గానీ, దాని మీద బొగ్గు ఇంజన్లు పోయేవి.

వాటికి భయాలు కూడా ఉండేవి. ఇంజన్ నుంచి నిప్పురవ్వ పడితే వంతెన మొత్తం తగలబడేది. అందుకని వంతెన మీద అక్కడక్కడా పీపాల్లో నీళ్ళు పెట్టి, రైలు పోయిన ప్రతిసారీ వెనకాలే ఒక మనిషి నడిచి చూసేవాడట. వంతెన మీద పీపాలనిండా నీళ్ళు ఊరకే పెట్టి ఉంచడం మా అనంతపురం వాడికి ఎంత వింతగా తోస్తుందో చెప్పలేను. రెండో భయం కుళ్ళు. ఎప్పుడూ తడిలో ఉన్న చెక్క బాగానే ఉంటుంది, ఎప్పుడూ పొడిలో ఉన్నదీ బాగానే ఉంటుంది. తడీ పొడీ మారే చోట, అంటే నేల మట్టం దగ్గర, చచ్చిపోతుంది. మూడోది, అన్నిటికంటే పెద్దది, కాళ్ళ కింద మట్టి కదలడం. చెక్క విరిగే ముందు మూలుగుతుంది, మనకు చెబుతుంది. మట్టి చెప్పదు. ఈ మాట పాఠంలా కంఠతా పట్టాను. కంఠతా పట్టిన పాఠాలు అవసరానికి గుర్తురావని తర్వాత తెలిసింది.

ఆ వంకలో మాది రాతి కాళ్ళ మీద ఇనుప గర్డర్లు పరిచిన చిన్న వంతెన. ఒక రాతి కాలి తల పగిలింది. దాన్ని కొట్టేసి కొత్తగా కాంక్రీటు పోయాలంటే, అన్నాళ్ళూ గర్డర్ల బరువును వేరే ఏదైనా మొయ్యాలి. రైళ్ళు ఆపడానికి లేదు, నడక వేగంతో పోనివ్వాలి. అందుకు పట్టాల కింద అడ్డంగా వేసే పాత చెక్క స్లీపర్లతో గూడు కడతాం. రెండు స్లీపర్లు ఇటు, వాటి మీద రెండు అటు, మళ్ళీ ఇటు, అలా చదరంగా పేర్చుకుంటూ గర్డరు అడుగు తాకేదాకా పోయి, చివరి సందులో ఏటవాలు చెక్కముక్కలు రెండు ఎదురెదురుగా పెట్టి సుత్తితో బిగిస్తాం. ఆ ముక్కల్ని మేము చీలలంటాం. పుస్తకంలోని వంతెనలకు ఇది పేద చుట్టం. అయినా నాకు పండగే. ఇప్పుడు గర్డర్ల మీద కూడా చెక్క స్లీపర్లు తీసేసి ఇనుపవి వేస్తున్నారు. చెక్కతో రైలును మోయించే అవకాశం ఇంకోసారి వస్తుందో రాదో అనుకున్నాను.

పని చేయించింది మా మేస్త్రి. వడ్రంగి కుటుంబం, నాకంటే పదేళ్ళు పెద్ద, ఆ సంవత్సరమే రిటైర్మెంటు. మా గ్యాంగులో చెక్క తెలిసిన ఆఖరి మనిషి. డిపోలో ఎన్నో ఏళ్ళుగా పడున్న గట్టి సాల్ చెక్క స్లీపర్లను ఒక్కొక్కటీ సుత్తితో మూడుచోట్ల కొట్టి, ఖంగుమన్నదాన్ని కుడివైపు, డొల్లగా పలికినదాన్ని ఎడమవైపు పెట్టించాడు. మంచివాటిలోనూ మంచివి ఏరి అడుగు వరసకు దాచాడు.

"పైనుండేది పోతే మార్చొచ్చు సార్. అడుగుది పోతే అందరం పోతాము," అన్నాడు.

నేను నవ్వి పుస్తకంలో చదివిన పీపాల సంగతి చెప్పాను. అతను "అన్ని నీళ్ళు ఉండే ఊర్లో ఉంటే నేను వడ్రంగి పని చేసుండను సార్, వరి పెట్టుకునుంటా," అన్నాడు.

రెండు రోజుల్లో గూడు లేచింది. గట్టు మీద బండకు ఒక గుర్తు, గూడు నాలుగు మూలలకు నాలుగు గుర్తులు పెట్టాను. పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి, రైలు పోయిన ప్రతిసారీ మట్టం చూడాలి. అంగుళంలో ఎనిమిదో వంతును మా వడ్రంగులు నూలు అంటారు. గూడు లేచిన రోజు నాలుగు మూలలూ సమంగా ఒక నూలు దిగాయి. అది మామూలే. చెక్క మీద చెక్క సర్దుకుంటుంది.

మూడోరోజు పొద్దున, ప్లాస్టిక్ బిందె చంకన పెట్టుకుని, చేతిలో చిన్న పలుగుతో ఒక అవ్వ వచ్చింది. పక్క ఊరు. బోర్లు ఎండిపోయి ట్యాంకరు మీద బతుకుతున్న ఊరు. గూడు చుట్టూ ఒకసారి తిరిగి, నీడపక్క ఇసుకను అరికాలితో రాసి చూసింది.

"ఏమప్పా, ఈడ తవ్వుకుంటే మీకేమన్నా అడ్డమా?"

"ఏం తవ్వుతావవ్వా?"

"చెలమ. ఆ నడిమి వంకలో తవ్వి తవ్వి చేతులు పడిపోయినాయి. ఈడ ఇసుక నల్లగా ఉండాది."

ఎండిన వంకలో ఇసుక తోడి నీళ్ళూరే గుంత చేసుకుంటే దాన్ని చెలమంటారు. మా ప్రాంతంలో ఎవరైనా నీళ్ళ కోసం తవ్వుకుంటానంటే వద్దనే నోరు ఇంకా పుట్టలేదు. మా నాయన నాలుగు బోర్లు వేయించి నాలుగూ దుమ్ము చూసిన మనిషి. నాలుగో బోరు దగ్గర ఆయన నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. "తవ్వుకో అవ్వా, పడితే మాకూ ఇన్ని పొయ్యి," అన్నాను. గూడుకు సరిగ్గా మూడడుగుల దూరం. నేను చూశాను, మేస్త్రి చూశాడు, పన్నెండుమంది గ్యాంగు చూసింది. ఒక్కడి బుర్రకూ ఏమీ తట్టలేదు. నీళ్ళున్న ఊరి నుంచి వచ్చినవాడెవడైనా ఉంటే పలుగు పట్టుకుని ఆపేవాడు.

మోకాలి లోతుకే నీళ్ళు పడ్డాయి. రాతి కాలు అడ్డం ఉండటం వల్ల ఇసుక కింద పారే తడి అక్కడ నిలిచిందనుకుంటాను. గ్యాంగు పని ఆపి మూగింది. అవ్వ కొబ్బరి చిప్పతో మొదటి నీళ్ళు తోడి పారబోసి, రెండోసారి ఊరినవి ఇంత గంగమ్మకని పక్కకు చల్లి, మూడోసారివి మా మేస్త్రి దోసిట్లో పోసింది. డబ్బాల్లో కాగిన నీళ్ళు తాగి తాగి ఉన్నామేమో, ఆ రోజు ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయంటే అబద్ధం కాదు. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి "మా వంతెన కింద ఊట పడింది" అని నేనే తవ్వినంత గొప్పగా చెప్పుకున్నాను. మట్టం చూసే గొట్టంలో కూడా ఆ నీళ్ళే నింపాను.

చెలమకు కొన్ని పద్ధతులుంటాయి. తవ్వినవాళ్ళ బిందె నిండాకే మిగతావాళ్ళది. అడక్కుండా చిప్ప ముంచకూడదు. పొద్దున్నే అడుగున చేరిన ఇసుక ఎత్తి పారబోస్తేనే ఊట సాగుతుంది. ఊట పడిన గుంతను పూడ్చకూడదు. తప్పక పూడ్చాల్సి వస్తే తవ్విన చేతే పూడ్చాలి. వేరే చెయ్యి మట్టి వేస్తే ఆ చేతికి ఇక జన్మలో నీళ్ళు పడవంటారు. ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అందుకే కొత్తగా ఎవరూ చెప్పలేదు. అవ్వ రోజూ తెల్లవారగానే వచ్చి, గంపతో ఇసుక ఎత్తి పక్కన కుప్ప పోసి, బిందె నింపుకుని పోయేది. తర్వాత ఊరి ఆడవాళ్ళు వరసగా వచ్చేవాళ్ళు.

ఐదోరోజు నుంచి నాకు మనశ్శాంతి పోయింది. మూడు మూలలు కదలడం లేదు, ఒక్క మూల దిగుతోంది. ఐదోరోజు ఒక నూలు. ఆరోరోజు రెండు. చీలలు కొట్టి బిగించాం. ఏడోరోజు మళ్ళీ రెండు. కాలు కాలిన పిల్లిలా గూడు చుట్టూ తిరిగాను. రైలు వస్తోందంటే గుర్తు దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. పైన పెట్టె తరవాత పెట్టె నెమ్మదిగా దాటుతుంటే, కిటికీల్లోంచి చేతులు, చంటిపిల్లల తలకాయలు కనబడేవి. వాళ్ళు నన్ను చూసి చేతులూపేవాళ్ళు. నేను గుర్తు వైపే చూసేవాణ్ణి. సుత్తి తీసుకుని అందిన ప్రతి చెక్కనూ కొట్టడం మొదలుపెట్టింది అప్పుడే. కొట్టినదాన్నే మళ్ళీ కొట్టేవాణ్ణి. అన్నం దగ్గర కూర్చుంటే టిఫిను డబ్బా మూత మీద వేళ్ళు వాటంతట అవే ఆడేవి.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం ఆ మూల ఏకంగా మూడు నూళ్ళు దిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెక్క మీద పడ్డాను. చెక్క మీద పడితే మనిషి మీద పడినట్టే గదా.

"అడుగున గుల్ల చెక్క పెట్టినావు మేస్త్రీ. ఆ మూల నలుగుతోంది," అన్నాను, గ్యాంగు మొత్తం వింటుండగా.

అతను మొదట నేను తమాషాకు అంటున్నాననుకున్నాడు. నా ముఖం చూసి అతని ముఖం మారింది. "నేను కొట్టి చూసినదే పెట్టినాను సార్."

"వయసైపోయింది. చెవి మందగించిందేమో."

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు. అంటున్నప్పుడే తప్పని తెలుసు, అయినా నోరు ఆగలేదు. అతను భుజం మీది తువ్వాలు తీసి దులిపి, సుత్తిని నా కాళ్ళ దగ్గర ఇసుకలో పెట్టి, గట్టెక్కి పోయి ఎండలో కూర్చున్నాడు. ముప్పైయేళ్ళు ఆ సుత్తి మోసిన మనిషి.

ఇంకో గంటలో ప్యాసింజరు రావాలి. గొంతు ఎండిపోయి చెలమ దగ్గరికి పోయాను. అవ్వ అక్కడే ఉంది, ఊట చాలక రెండో బిందె కోసం కూర్చుని ఉంది. "తాగప్పా, ఎండకు మొగమంతా కమిలిపోయింది," అని చిప్ప ఇచ్చింది. వంగి ముంచాను. తాగి, తల పక్కకు తిప్పేసరికి ఇసుక కుప్ప కనబడింది. పడుకున్న బర్రెదూడంత కుప్ప. గుంత చూశాను. మొదటిరోజు ఎంతుందో అంతే ఉంది, మోకాలి లోతు. రోజూ అన్ని గంపల ఇసుక ఎత్తితే గుంత పెరగాలి. పెరగలేదు. మరి ఆ కుప్పంతా ఎక్కడి నుంచి వచ్చింది?

నీళ్ళు ఊరుతున్న వైపు చెయ్యి పెట్టాను. గూడు వైపు నుంచి, నీళ్ళతోపాటు, సన్నటి ఇసుక వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. మేము తాగిన ప్రతి దోసెడుతో గూడు కింది నేల ఇంత బయటికి వచ్చింది. చెక్క మూలుగుతుంది, మట్టి చెప్పదు అని కంఠతా పట్టినవాణ్ణి, ఆరు రోజులు దాని పక్కనే కూర్చుని తాగాను.

స్టేషనుకు ఫోన్ చేసి ప్యాసింజరును వెనకే నిలిపేయమన్నాను. ఎర్రజెండా మనిషిని పరుగెత్తించాను. పై అధికారికి చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆయన ఒక్కటే అడిగాడు, ఎంతసేపు పడుతుందని. గుంత పూడ్చి, ఇసుక బస్తాలు పేర్చి, మూలను జాకీతో లేపి, చీలలు కొట్టాలి. గంటన్నర అన్నాను.

అంతా సిద్ధం చేసుకుని చెలమ చుట్టూ నిలబడ్డాం. ఒక్కడు కదల్లేదు. పన్నెండుమంది చేతుల్లో గంపలున్నాయి, ఇసుక ఉంది, ఎవరూ వెయ్యరు. తలలు దించుకున్నారు. అరుద్దామనుకుని, నేనే ఒక గంప ఎత్తాను. ఎత్తాను గానీ వంచలేకపోయాను. చదువుకున్నవాణ్ణి, అక్కడ రైల్లో వందలమంది ఎండలో ఉడికిపోతున్నారని తెలిసినవాణ్ణి. మా నాయన నాలుగో బోరు దగ్గర నిలబడినట్టే నిలబడిపోయాను.

"ఏమిటికప్పా అట్ల నిలబడినారు?" అంది అవ్వ.

చెప్పాను. ఈ గుంత ఉంటే గూడు ఒరుగుతుంది, గూడు ఒరిగితే రైలు పడుతుంది.

ఆమె గూడును కింది నుంచి పైదాకా చూసింది. "రైల్లో చిన్నపిల్లోళ్ళు ఉంటారు గదా."

"ఉంటారు అవ్వా."

"నా బిందె సగమే నిండింది. అంతే ప్రాప్తం." బిందె పక్కకు జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, తను రోజూ ఎత్తిపోసిన కుప్పలోంచే రెండు చేతులా ఇసుక తీసి గుంతలో వేసింది. "తవ్విన చెయ్యి ఏసింది. ఇంగ మీరు ఎయ్యండి, ఏం కాదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడకుండా తుడుచుకునే తీరిక కూడా లేదు. బస్తాలు దించుతుంటే మేస్త్రి గట్టు దిగి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మూల దగ్గర ఇసుక కాస్త తోడి, అడుగు స్లీపరు చివర బయటపెట్టి, సుత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

"కొట్టు సార్."

కొట్టాను. ఖంగుమంది, గుడి గంటలాగా. గ్యాంగు అంతా విన్నది.

"తప్పయింది అన్నా," అన్నాను. సార్ అనిపించుకునేవాడు ఆ మాట అనడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

"పని కానీ సార్, రైలు నిలిచిపోయింది," అని అతను జాకీ దగ్గరికి పోయాడు. ప్యాసింజరు దాటినప్పుడు నాలుగు గుర్తులూ కదల్లేదు. ఆ తర్వాత కూడా కదల్లేదు. నా కాలు మాత్రం అప్పటి నుంచీ ఆగలేదు.

అవ్వ కోసం వంక పొడుగునా నాలుగుచోట్ల తవ్వించాను. చెమ్మ కూడా తగల్లేదు. కాంక్రీటు గట్టిపడి, గూడు విప్పి, చెక్కలు డిపోకు పోయేసరికి ఎండలు ఇంకా ముదిరాయి. మేస్త్రి రిటైర్మెంటుకు నాలుగు రోజుల ముందు, ఇద్దరం బండి మీద ఆ వంకకు పోయాం. ఇప్పుడు గూడు లేదు, అడ్డం లేదు, పాత చెలమను మళ్ళీ తెరిచి అవ్వను పిలుద్దామని నా ఆలోచన. మేస్త్రికి మోకాళ్ళ నొప్పులు, కూర్చోమని నేనే పార పట్టాను. మోకాలి లోతు పోయింది. నడుము లోతు పోయింది. ఇసుక నల్లగా కూడా లేదు. బొబ్బలెక్కినా ఆపబుద్ధి కాలేదు.

ట్యాంకరు కోసం పోతున్న అవ్వ మమ్మల్ని చూసి వంకలోకి దిగింది. గుంతలోకి తొంగి చూసింది.

"ఊట పోయిందప్పా. ఇంగ రాదు. పూడ్చు, మేకలు పడతాయి."

మేస్త్రి లేచి పార అందుకోబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు గాదు. తవ్వింది ఆయప్ప."

నేనే పూడ్చాను. అంత లోతు గుంతను ఒక్కడినే పూడ్చడానికి చాలాసేపు పట్టింది, వాళ్ళిద్దరూ అంతసేపూ నిలబడే ఉన్నారు. చివరి గంప వేస్తుండగా పైన ప్యాసింజరు వచ్చింది. వేగం తగ్గించలేదు, ఇక తగ్గించాల్సిన పని లేదు.

అవ్వ తలెత్తి రైలు పూర్తిగా దాటేదాకా చూసింది. "ఇప్పుడు గట్టిగా ఉండాదా?" అని అడిగింది.

"ఉంది అవ్వా."

"అయితే సరే," అని ఖాళీ బిందె చంకనెత్తుకుని ట్యాంకరు వచ్చే దారి పట్టింది.